పెంచిన చేతుల జాడ

గొంతు ఎండిపోయి, కాళ్లు తడబడుతున్న పదహారేళ్ల అమ్మాయి ఆకాశం వైపు చూసి నీళ్లు అడుగుతుంది. ఆమె బాగోగులు చూడాల్సిన మనిషి ఎక్కడో దూరంగా తెర ముందు కూర్చుని ఉన్నాడు. అతను తలుచుకుంటే చిన్న పారాచూట్‌కి కట్టి నీళ్లు పంపించగలడు. పంపించడు. సుజాన్ కాలిన్స్ 2008లో రాసిన 'ది హంగర్ గేమ్స్'లోని ఘట్టమిది. కాట్నిస్ మొదట అతణ్ని తిట్టుకుంటుంది. తాగి పడిపోయాడేమో, తనంటే గిట్టదేమో అనుకుంటుంది. ఆ తర్వాత ఆలోచనలో పడుతుంది. హేమిచ్ తాగుబోతే గానీ తెలివి తక్కువవాడు కాడు. అడిగినా నీళ్లు పంపలేదంటే నీళ్లు దగ్గర్లోనే ఉండాలి. ఓపిక కూడదీసుకుని ముందుకు సాగితే కాళ్ల కింద బురద తగులుతుంది, ఆ పక్కనే చెరువు కనిపిస్తుంది.

చుట్టూ చావు పొంచి ఉన్నా ఆ పిల్ల ఒక మొండి మనిషి మౌనాన్ని తప్పు లేకుండా చదివింది. ఆ విద్య ఆమెకు ఎక్కణ్నుంచి వచ్చింది? పదకొండో ఏట తండ్రి బొగ్గుగని పేలుడులో పోయాడు. తల్లి ఆ దిగులుతో మాటా పలుకూ లేకుండా కూర్చుండిపోయింది. చెల్లెలి ఆకలి, తల్లి ముఖం, ఇంట్లో మిగిలిన తిండి, మూడింటినీ కనిపెట్టుకుంటూ రోజులు నెట్టిన పిల్లకి మాట్లాడని పెద్దల్ని అర్థం చేసుకోవడం అలవాటైంది. ఎవరినీ నమ్మకపోవడం కూడా అక్కడే అలవాటైంది. అదే ప్రాణాంతక పోటీలోకి తనతోపాటు దిగిన పీటా తనను నిజంగా ప్రేమిస్తున్నాడన్న సంగతి అంత చురుకైన అమ్మాయికి అంత ఆలస్యంగా తట్టడానికి కారణం అదే.

సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, హారర్ అన్నీ కలిపి స్పెక్యులేటివ్ ఫిక్షన్ అంటున్న ఈ కథల్లో కౌమారంలో ఉన్న నాయికా నాయకులకు చాలాసార్లు కష్టమైన పెద్దలే దొరుకుతారు. ఎందుకని అడిగితే మామూలుగా వచ్చే జవాబులు రెండు. పాఠకుడికి జాలి పుట్టాలి, పిల్లలు ఇల్లు దాటి సాహసానికి బయలుదేరాలి. రెండూ నిజమే, కానీ రెండూ కథ మొదటి అధ్యాయానికే సరిపోతాయి. ఆ తర్వాత వందల పేజీల్లో ఆ పెంపకం ఏమైపోయిందన్నది నా ప్రశ్న. పెంచినవాళ్ల కాఠిన్యం పిల్లల చేతికి ఒక పనితనాన్ని ఇచ్చిపోతుంది, దానితోపాటే ఒక లోపాన్నీ అంటగడుతుంది. ఆ రెండూ ఒకే చోటు నుంచి వచ్చాయని చూపించగలిగిన కథలే నిలబడతాయని నా నమ్మకం. పెద్దల క్రూరత్వాన్ని జాలి కోసం తెచ్చి, పని అయిపోగానే పక్కన పడేసిన కథలు ఎంత అమ్ముడుపోయినా మనసులో మిగలవు.

విమర్శకులు దీని చుట్టూ చాలాకాలంగా తిరుగుతున్నారు. రష్యన్ జానపద కథల నిర్మాణాన్ని 1928లో విడదీసి చూపించిన వ్లదిమీర్ ప్రాప్, కథను కదిలించే పనుల జాబితాలో అన్నిటికంటే ముందు పెట్టింది ఇంట్లోవాళ్లు ఒకరు దూరం కావడాన్ని. 1976లో బ్రూనో బెటల్‌హైమ్ సవతి తల్లి పాత్రను మనస్తత్వ శాస్త్రం వైపు నుంచి చూశాడు. తల్లి మీద కోపం తెచ్చుకోవడానికి భయపడే పిల్లలు ఆ కోపాన్ని సవతి తల్లి మీదకి మళ్లించి, అసలు తల్లిని మంచిదానిగా దాచుకుంటారన్నాడు. అతని పద్ధతి మీద తర్వాత గట్టి విమర్శలే వచ్చాయి. నాకు ఎక్కువ ఉపయోగపడింది రాబర్టా సీలింగర్ ట్రైట్స్ 2000లో చేసిన పరిశీలన. కౌమార సాహిత్యమంతా అధికారంతో పిల్లలు పడే పెనుగులాటేననీ, కన్నవాళ్లు లేనిచోట కూడా రచయితలు ఆ స్థానంలో ఎవరో ఒకరిని నిలబెడతారనీ ఆమె చూపించింది. ఎదిరించడానికి పిల్లలకు ఒక పెద్ద కావాలి. ఆ పెద్ద దొరక్కపోతే కథ తయారు చేసి ఇస్తుంది.

తెలుగువాళ్లకి ఈ మాట కొత్తగా అనిపించదు. మన మొదటి టాకీ 1932 నాటి 'భక్త ప్రహ్లాద'. 1967లో ఏవీఎం వాళ్లు తీసిన రంగుల చిత్రంలో ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడైతే, చిన్నారి రోజారమణి ప్రహ్లాదుడు. పురాణాన్ని ఫాంటసీ అనడం నా ఉద్దేశం కాదు, అది భక్తి గ్రంథం. కానీ ఆ కథలో పెంపకం ఎలా పనిచేస్తుందో చూడండి. తండ్రి కొడుకుని తొడ మీద కూర్చోబెట్టుకుని ఏం చదువుకున్నావని మురిపెంగా అడుగుతాడు. జవాబు నచ్చక మళ్లీ గురువుల దగ్గరికి పంపుతాడు. చండామార్కులు ఇంటి పనుల మీద పక్కకి వెళ్లినప్పుడు ప్రహ్లాదుడు అదే బడిలో తోటి రాక్షస బాలురకు తన పాఠం చెబుతాడు. తండ్రి తనను మార్చడానికి పెట్టిన బడే కొడుక్కి వేదిక అవుతుంది. ఏనుగులు, విషం, కొండ మీంచి తోయడం అందరికీ గుర్తుంటాయి. నాకు మాత్రం ఆ బడి విరామమే కథకి గుండెకాయలా కనిపిస్తుంది.

ఊహాలోకపు కథలకి వాస్తవిక నవలకి లేని సౌకర్యం ఒకటుంది. లోపలి గాయాన్ని ఇవి కంటికి కనిపించేలా చేయగలవు. స్టీఫెన్ కింగ్ మొదటి అచ్చు నవల 'క్యారీ' 1974లో వచ్చింది. మతోన్మాదంలో మునిగిపోయిన తల్లి మార్గరెట్, కూతురు శరీరంలో రాబోయే మార్పు గురించి ఒక్క మాట కూడా చెప్పదు. స్కూల్లో స్నానాల గదిలో, తోటి అమ్మాయిలందరి ముందు ఆ పిల్లకి మొదటిసారి రక్తం కనబడుతుంది. చచ్చిపోతున్నానని కేకలు పెడుతుంది, మిగతావాళ్లు నవ్వుతారు. చేత్తో తాకకుండానే వస్తువుల్ని కదిలించే శక్తి ఆమెలో విజృంభించేది ఆ తర్వాతే. ఇంట్లో తల్లి ఆమెను ప్రార్థన చేయమని చీకటి అరలో పెట్టి తలుపు వేస్తుంది. మూసిన తలుపుల మధ్య పెరిగిన ఆ పిల్ల, నవల చివర్లో నాట్యోత్సవం జరుగుతున్న హాలు తలుపులు తన శక్తితోనే మూసేస్తుంది. తనకి జరిగిందే తన చేతుల్లో ఆయుధమైంది. కింగ్ ఈ సంగతిని నొక్కి చెప్పడు, ఊరంతా మండిపోతుంటే మనకే తట్టాలి.

జె.కె. రౌలింగ్ 'హ్యారీ పాటర్' గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. కష్టమైన పెద్దలు అనగానే అందరికీ గుర్తొచ్చే ఇల్లు ప్రివెట్ డ్రైవ్‌లోని నాలుగో నంబరే కాబట్టి. 1997లో మొదటి పుస్తకం వచ్చినప్పుడు హ్యారీని పెంచిన డర్స్‌లీలు దాదాపు హాస్య పాత్రలు. మెట్ల కింది అర, డడ్లీ వదిలేసిన వదులు బట్టలు, అందకుండా దాచేసిన ఉత్తరాలు, అన్నీ సవతి తల్లి కథల ధోరణిలోనే నడుస్తాయి. పదేళ్లు అలా పెరిగిన పిల్లవాడు మంత్రవిద్యల బడి హాగ్వర్ట్స్‌లో అడుగు పెట్టగానే స్నేహశీలిగా, ధైర్యంగా, దాదాపు చెక్కుచెదరకుండా కనిపిస్తాడు. పెంపకం జాడ ఇంత తేలిగ్గా చెరిగిపోతుందా అన్న అభ్యంతరం నాకు చాలాకాలం ఉంది, కొంత ఇప్పటికీ ఉంది.

అయితే అయిదో పుస్తకం దగ్గర ఆగి చూస్తే ఒక జాడ కనిపిస్తుంది. డర్స్‌లీల ఇంట్లో ప్రశాంతంగా బతకాలంటే మొదటి నియమం ప్రశ్నలు అడగకపోవడం. ఏడుపొచ్చినా దెబ్బ తగిలినా పెద్దవాళ్లకి చెప్పుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదని ఆ పిల్లాడు బుద్ధి తెలిసినప్పటి నుంచీ చూస్తున్నాడు. 2003లో వచ్చిన 'ఆర్డర్ ఆఫ్ ది ఫీనిక్స్'లో టీచర్ డొలొరెస్ అంబ్రిడ్జ్ శిక్ష పేరుతో అతని చేత ఒకే వాక్యం మళ్లీ మళ్లీ రాయిస్తుంది. ఆ కలానికి సిరా అక్కర్లేదు. కాగితం మీద రాసే ప్రతి అక్షరం అతని చేతి చర్మంలో చీలికగా పడుతుంది, రక్తమే సిరా. స్నేహితుడు రాన్ చూసి వెళ్లి ఎవరికైనా చెప్పమంటాడు. హ్యారీ చెప్పడు. మెక్‌గొనగల్‌కీ చెప్పడు, బడి పెద్ద డంబుల్‌డోర్‌కీ చెప్పడు. చదివేవాళ్లు దాన్ని పౌరుషం అనుకుంటారు. నాకు అందులో మెట్ల కింది అర కనిపిస్తుంది. అదే మౌనం అతణ్ని ఆ గదిలో నిలబెట్టింది. అదే మౌనం ఆ పుస్తకం చివర్లో పెద్దల సాయం కోసం ఆగకుండా మంత్రిత్వ శాఖకి పరుగెత్తించి, తనను ఆప్యాయంగా చూసిన సిరియస్ ప్రాణం మీదకి తెచ్చింది. రౌలింగ్ ఈ రెండింటినీ కలిపి చెప్పి ఉంటే డర్స్‌లీల అధ్యాయాలకి మరింత బరువు వచ్చేది.

ఆ ఏడు పుస్తకాల్లో నిజంగా కష్టమైన సంరక్షకుడు వెర్నన్ కాడు, డంబుల్‌డోర్. గుమ్మం ముందు పసివాణ్ని పెట్టి వెళ్లింది ఆయనే. తల్లి రక్తసంబంధం ఉన్న ఇంట్లో ఉంటే పదిహేడేళ్లు నిండేదాకా రక్ష ఉంటుందని తెలుసు, ఆ ఇంట్లో ప్రేమ దొరకదనీ తెలుసు. రెండూ తెలిసే పెట్టానని తర్వాత తనే ఒప్పుకుంటాడు. చివరి పుస్తకంలో అంతకంటే పెద్ద సంగతి బయటపడుతుంది. ఆ అబ్బాయి ఒకరోజు తనంతట తను చావుకి ఎదురు వెళ్లాల్సి వస్తుందని ఆయన చాలాకాలం మనసులోనే ఉంచుకున్నాడు. డర్స్‌లీల దౌర్జన్యం కంటే డంబుల్‌డోర్ ప్రేమ ఎక్కువ గాయం చేసింది, ఎందుకంటే హ్యారీ దాన్ని నమ్మాడు. పెటూనియా కూడా చిన్నప్పుడు హాగ్వర్ట్స్‌లో చేర్చుకోమని డంబుల్‌డోర్‌కి ఉత్తరం రాసిందన్న ముక్క చివర్లో తెలుస్తుంది. అప్పుడు ఆ ఇంటి కాఠిన్యానికి మొదటిసారి మనిషి ముఖం వస్తుంది. అది ఇంకాస్త ముందే తెలిసి ఉండాల్సింది.

ఈ లెక్కలో ఫిలిప్ పుల్‌మన్ చేసిన పని నాకు అన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది. 'నార్దర్న్ లైట్స్' 1995లో, ఆ త్రయంలో చివరిదైన 'ది అంబర్ స్పైగ్లాస్' 2000లో వచ్చాయి. లైరా ఆక్స్‌ఫర్డ్‌లోని జోర్డన్ కాలేజీ పండితుల మధ్య అనాథలా పెరుగుతుంది. బాబాయి అనుకున్న లార్డ్ ఆస్రియల్ తండ్రి అని తేలుతుంది. ముచ్చటపడి ఇంటికి తీసుకెళ్లిన అందమైన మిసెస్ కోల్టర్ తల్లి అని తేలుతుంది. పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠా వెనక ఉన్నది ఆ తల్లే. తండ్రి అంతకంటే తక్కువేం కాదు, తన ప్రయోగం కోసం లైరా ప్రాణ స్నేహితుడు రోజర్‌ని బలిపెడతాడు.

లైరాకి పుట్టుకతో వచ్చిన విద్య అబద్ధం. కట్టుకథ చెప్పడంలో ఆమెకి సాటి లేదు. ఎలుగుబంట్ల రాజు ఇయోఫర్‌ని మాటలతో బుట్టలో వేసుకుని ద్వంద్వ యుద్ధానికి ఒప్పిస్తుంది. దానికి మెచ్చి, ఆ యుద్ధంలో ఇయోఫర్‌తో తలపడిన ఎలుగుబంటి ఇయోరెక్ ఆమెకు వెండినాలుక అన్న అర్థం వచ్చే పేరు పెడతాడు. పాఠకులు చప్పట్లు కొట్టే ఆ చోటే పుల్‌మన్ ఒక లెక్క మొదలుపెట్టాడు. ఆ నాలుక ఎవరిది? ఎవరినైనా మాటతో లొంగదీసుకోగల తల్లిది, సొంత కూతురికి బాబాయినని చెప్పుకున్న తండ్రిది. మూడో పుస్తకంలో లైరా మృతుల లోకానికి వెళ్లి, దారి వదలమని అక్కడి పక్షిరాక్షసికి అలవాటు కొద్దీ కట్టుకథ ఎత్తుకుంటుంది. అది ఆమె మీద పడి గోళ్లతో చీరుతుంది. కన్నవాళ్ల నుంచి వచ్చిన ఏకైక ఆస్తి అక్కడ చెల్లలేదు. ఆ తర్వాత చనిపోయిన పిల్లలు అడిగితే తను పెరిగిన ఊరి గురించి, మట్టిలో ఆడిన ఆటల గురించి ఉన్నదున్నట్టు చెబుతుంది. రాక్షసులు నోరెత్తకుండా వింటారు, దారి దొరుకుతుంది. ఆమె కథ చెప్పే నేర్పు వదులుకోలేదు, దానిలోంచి అబద్ధాన్ని మాత్రం తీసేసింది.

అదే పుస్తకంలో తల్లి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. కూతుర్ని మందిచ్చి గుహలో నిద్రపుచ్చి దాచిన మనిషి, చివరికి దేవదూత మెటట్రాన్ ముందు నిలబడి తన జీవితంలోకెల్లా పెద్ద అబద్ధం ఆడి, అతణ్ని అగాధం అంచుకి రప్పిస్తుంది. ఆస్రియల్‌తో కలిసి అతణ్ని లాక్కుంటూ అందులో పడిపోతుంది. ఆ అబద్ధం లైరా కోసం. కూతురు అబద్ధం మానేసి గెలిచింది, తల్లి అబద్ధమాడి కూతుర్ని గెలిపించింది. లైరా అది కళ్లారా చూడదు. పుల్‌మన్ వాళ్లిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి కన్నీళ్లు పెట్టించకపోవడం ఆయన సంయమనానికి గుర్తు.

దృశ్య మాధ్యమంలో ఈ ప్రశ్నని లోతుగా తవ్విన వాళ్లు జపాన్‌లో ఉన్నారు. హిదెయాకి అన్నో రూపొందించిన 'నియాన్ జెనెసిస్ ఎవాంగెలియన్' 1995 అక్టోబర్ నుంచి 1996 మార్చి దాకా 26 భాగాలుగా టీవీలో వచ్చింది. పద్నాలుగేళ్ల షింజీని తండ్రి గెండో ఏళ్ల తర్వాత పిలిపిస్తాడు. కొడుకు ఏదో ఆశతోనే వస్తాడు. తండ్రి ఎత్తులో, అద్దం వెనక నిలబడి, ఈ యంత్రం ఎక్కి రాక్షసితో పోరాడు, లేదంటే వెళ్లిపో అంటాడు. షింజీ ఎక్కనంటాడు. గెండో బతిమాలడు, తిట్టడు. బాగా గాయపడి కట్లతో ఉన్న అమ్మాయిని ఆ పనికి చక్రాల మంచం మీద తెప్పిస్తాడు. ఆమె నొప్పితో వణుకుతుంటే షింజీ పట్టుకుంటాడు, చేతికి రక్తం అంటుతుంది. పారిపోకూడదని తనకు తనే చెప్పుకుంటూ ఒప్పుకుంటాడు. రోబో కథల్లో పిల్లవాడు యంత్రం ఎక్కడం సంబరంగా ఉండాలి. ఇక్కడ అది లొంగుబాటు. చాలా భాగాల తర్వాత తండ్రి ఫోన్‌లో బాగా చేశావని ఒక్క మాట అంటే, ఆ మాట కోసమే ఎక్కుతున్నానేమోనని షింజీ తేల్చుకుంటాడు. ప్రేమ పొదుపుగా పంచే ఇంట్లో పెరిగిన పిల్లలకి ఆ మాట ఎంత ఖరీదైనదో ఇంత నిజంగా చెప్పిన రచన నాకు మరొకటి తెలియదు.

ఆ అబ్బాయిని ఇంట్లో పెట్టుకున్న ఇరవై తొమ్మిదేళ్ల మిసాటో మరో రకం. ఆప్యాయత ఉంది, గదినిండా బీరు డబ్బాలు కూడా ఉన్నాయి. వంట, సర్దుడు చాలావరకు షింజీ నెత్తినే పడతాయి. ఇంట్లో అతణ్ని ఆటపట్టించే మనిషే యుద్ధంలో అతనికి ఆజ్ఞలిచ్చే అధికారి. ఆమె తండ్రి కూడా పరిశోధనలో పడి ఇంటిని పట్టించుకోనివాడే, చివర్లో ఆమె ప్రాణం కాపాడి తను పోయాడు. తనకి దొరకని పెంపకాన్ని ఇంకొకరికి ఇవ్వాలని చూసి సగంలో తడబడే మనిషి మిసాటో. 2021లో అన్నో చివరి సినిమాతో ఈ కథ ముగించినప్పుడు తండ్రీ కొడుకులు ఎట్టకేలకు మాట్లాడుకుంటారు. షింజీ ఎప్పుడూ చెవిలో పెట్టుకుని లోకాన్ని బయటే ఉంచే ఆ క్యాసెట్ ప్లేయర్ ఒకప్పుడు తండ్రిది. గెండో కూడా కుర్రతనంలో జనం భరించలేక చెవులు మూసుకున్నవాడే.

ఫ్రాంక్ హెర్బర్ట్ 'డ్యూన్' (1965)లో తల్లి ఇచ్చిన శిక్షణ మీద పాల్ తిరగబడటం, ఆర్సన్ స్కాట్ కార్డ్ 'ఎండర్స్ గేమ్' (1985)లో కర్నల్ గ్రాఫ్ ఒక పసివాణ్ని కావాలని ఒంటరిని చేయడం ఈ వరసలోవే. కాకపోతే ఆ రెండింటిలో పెంపకం కంటే తయారీ ఎక్కువ. పెద్దలు పిల్లల్ని ఆయుధంలా మలిచాక ఫలితం ఎలా ఉంటుందో మనం ముందే ఊహిస్తాం.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మెత్తని పెద్దలు చేసే హాని. కజువో ఇషిగురో 'నెవర్ లెట్ మీ గో' (2005)లో హేల్‌షామ్ అనే ఆవాస పాఠశాల ఉంది. అక్కడి పిల్లలు అవయవ దానం కోసం తయారు చేసిన క్లోన్‌లు. టీచర్లని అక్కడ గార్డియన్లు అంటారు. వాళ్లు కొట్టరు, ఆకలితో మాడ్చరు. బొమ్మలు గీయిస్తారు, కవిత్వం రాయిస్తారు, సిగరెట్ తాగొద్దని గట్టిగా చెబుతారు. భవిష్యత్తు గురించి ఎంత చెప్పాలో అంతే, అదీ పిల్లలకి పూర్తిగా అర్థంకాని వయసులో చెబుతారు. ఒక వాన రోజు అబ్బాయిలు సినిమా నటులు కావడం గురించి మాట్లాడుకుంటుంటే మిస్ లూసీ ఉండబట్టలేక, మీకు అలాంటి జీవితాలు ఉండవని తెగేసి చెబుతుంది. తర్వాత ఆమె ఆ స్కూల్లో కనిపించదు. మేం మీకు బాల్యం ఇచ్చాం, అందుకోసం కొన్ని దాచాం అని మిస్ ఎమిలీ చివర్లో సమర్థించుకుంటుంది. ఆ మెత్తదనం ఫలితం ఏమిటంటే, పెద్దయ్యాక కాపలా లేకపోయినా వాళ్లెవరూ పారిపోరు. కొట్టి పెంచిన క్యారీ తిరగబడింది, ముద్దుగా పెంచిన ఈ నవల కథకురాలు క్యాతీ తిరగబడలేదు. మన దగ్గర ఇంటర్ హాస్టళ్లలో రెండేళ్లు గడిపిన పాఠకులు ఈ నవల చదివితే, అరిచిన వార్డెన్ కంటే అంతా నీ మంచికేనని భుజం తట్టిన పెద్దమనిషే ఎక్కువ గుర్తొస్తాడు.

దీనికి ఎదురుగా పెట్టదగ్గది నీల్ గైమన్ 'ది గ్రేవ్‌యార్డ్ బుక్' (2008). శ్మశానంలో దయ్యాల మధ్య పెరుగుతున్న బాడ్‌కి మిస్ లుపెస్కూ అనే తాత్కాలిక సంరక్షకురాలు వస్తుంది. నోట పెట్టలేని వంటలు, విసుగు పుట్టించే జాబితాలు. రకరకాల జీవుల భాషల్లో కాపాడండి అని ఎలా అరవాలో వల్లె వేయిస్తుంది. పిల్లవాడికి ఆమె అంటే పరమ అసహ్యం. పిశాచాలు ఎత్తుకుపోయినప్పుడు అతని నోట వచ్చింది ఆ వల్లె వేసిన కేకే, ఆదుకోవడానికి పరుగెత్తుకొచ్చింది ఆమే. కష్టమైన పెద్దలంతా చెడ్డవాళ్లని తీర్మానించే రచనలు ఈ ఒక్క అధ్యాయం చదువుకోవాలి.

ఆక్టేవియా బట్లర్ 'పారబుల్ ఆఫ్ ది సోవర్' (1993) ఈ రెండు రకాల మధ్య నిలబడుతుంది. లాస్ ఏంజెలెస్ దగ్గర, గోడ కట్టుకుని బతుకుతున్న చిన్న కాలనీ. కథ మొదలయ్యేది 2024లో, లారెన్‌కి పదిహేనేళ్లు. కన్నతల్లి గర్భంతో ఉండగా వాడిన మందు వల్ల ఎదుటివాళ్ల నొప్పి తన ఒంట్లో తెలిసే జబ్బుతో పుట్టింది. తండ్రి బాప్టిస్టు ప్రబోధకుడు, మాట జవదాటనివ్వని మనిషి. నమ్మకం పోయినా ఆయన కోసం ఆమె బాప్టిజం తీసుకుంటుంది. ఈ గోడ నిలవదు, బతకడం నేర్చుకుందామని లారెన్ స్నేహితురాలితో అంటుంది, ఆ మాట చేతులు మారి తండ్రి చెవిన పడుతుంది. ఆయన కూతుర్ని కూర్చోబెట్టి మందలిస్తాడు. భయపెడితే జనం నీ మాట వినరు, నేర్పిస్తే వింటారని దారి చూపిస్తాడు. ఆ క్షణంలో ఆయన ఆమెను అణిచాడు, ఆమెకి పద్ధతి కూడా ఇచ్చాడు. ఆయన ఒకరోజు ఇంటికి రాకుండా మాయమైనప్పుడు ఆయన నిలబడే చోట నిలబడి ప్రసంగం చేసింది లారెనే. తండ్రి దేవుణ్ని వదిలేసింది గానీ, తండ్రి వేదిక వదల్లేదు. తర్వాత ఆమె స్థాపించిన కొత్త మతంలో గొంతు ఆయనదే.

క్షమించడం గురించి రచయితలు ఒక్కొక్కరు ఒక్కో దారి పట్టారు. 'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్' (2005-2008)లో జూకో ముఖం మీది కాలిన మచ్చ తండ్రి ఓజాయ్ పెట్టింది. పెదనాన్న ఐరో అతనికి మెరుపును ఒంట్లోంచి పోనిచ్చి వేరే దిక్కుకి మళ్లించే విద్య నేర్పుతాడు. శత్రువులైన జల ప్రజల కదలికలు చూసి ఐరో పట్టుకున్న విద్య అది. గ్రహణం రోజు జూకో తండ్రి ముందు నిలబడి, పిల్లవాణ్ని కాల్చడం పెంపకం కాదని ముఖం మీదే చెప్పేస్తాడు. తండ్రి విసిరిన మెరుపుని ఆయన వైపే మళ్లిస్తాడు గానీ చంపడు. ఓజాయ్‌ని ఎప్పటికీ క్షమించడు. అదే జూకో, తను వెన్నుపోటు పొడిచిన ఐరో దగ్గరికి వెళ్లి క్షమాపణ మొదలుపెడితే, మాట పూర్తి కాకముందే పెదనాన్న లాక్కుని కౌగిలించుకుంటాడు. ఒకే కుర్రాడి కథలో క్షమించక్కర్లేని పెద్ద, క్షమించే పెద్ద ఇద్దరూ ఉండటం వల్ల పిల్లల కార్యక్రమమైనా అది ఎవరికీ తప్పుడు ఓదార్పు ఇవ్వలేదు. ప్రహ్లాదుడు నరసింహుణ్ని తండ్రికి సద్గతి కోరాడు. కాట్నిస్ తల్లి యుద్ధం ముగిశాక కూతురు ఉన్న ఊరికి తిరిగి రాలేదు, వేరే జిల్లాలో ఆసుపత్రి పెట్టే పనిలో ఉండిపోయింది. ఆ దూరాన్ని కాలిన్స్ అలాగే వదిలేసింది, అది సరైన నిర్ణయమని నేననుకుంటాను.

ఇన్ని పుస్తకాల్లోనూ ఒక కొరత కనిపిస్తుంది. పిల్లలు పెద్దవాళ్లయ్యాక, ఇంకొకరిని పెంచాల్సి వచ్చినప్పుడు ఏం చేస్తారు? చాలామంది రచయితలు అక్కడికి రారు, వచ్చినా ఉపసంహారంలో రెండు పేజీలు. ఉర్సులా లె గ్విన్ వచ్చింది. 'ది టూంబ్స్ ఆఫ్ అటువాన్' (1971)లో టెనార్‌ని అయిదో ఏట కన్నవాళ్ల నుంచి తీసుకుపోయి, పేరు కూడా తుడిచేసి, చీకటి దేవతల పూజారిణిగా పెంచుతారు. కటువైనదైనా న్యాయం తెలిసిన థార్, అధికారం తప్ప ఏదీ నమ్మని కోసిల్, ప్రేమగా చూసుకునే కాపలాదారు మనన్ ఆమె పెద్దలు. భూగర్భపు దారుల్లో చీకట్లో తడుముకుంటూ, మలుపులు లెక్కపెట్టుకుంటూ నడవడం ఆమెకి వాళ్ల లోకం నేర్పింది. మాంత్రికుడు గెడ్‌ని ఆ చీకట్లోంచి బయటికి నడిపించింది ఆ లెక్కే. చిన్న నవల అక్కడితో ముగిసినా సరిపోయేది.

పందొమ్మిదేళ్ల తర్వాత, 1990లో, లె గ్విన్ 'టెహాను' రాసింది. టెనార్ ఇప్పుడు నడివయసు విధవ. సొంత మనుషులే మంటలో తోసి వదిలేసిన పిల్లని తెచ్చి పెంచుకుంటోంది. ముఖం సగం కాలిపోయి, ఎప్పుడో గానీ నోరు విప్పని ఆ పిల్ల దగ్గర ఆమె ఏ తొందరా పడదు. ఈ ఓర్పు చూసి మనం మురుస్తుండగా ఆమె కన్నకొడుకు స్పార్క్ సముద్రం మీంచి ఇల్లు చేరతాడు. తిన్న గిన్నె కడుక్కోమంటే అది ఆడవాళ్ల పని అంటాడు. ఇల్లూ పొలమూ తనవన్నట్టు కూర్చుంటాడు. ఇతణ్ని ఇలా పెంచింది తనేనని టెనార్ గ్రహిస్తుంది. బట్లర్ కూడా 1998లో 'పారబుల్ ఆఫ్ ది టాలెంట్స్'లో ఈ పనే చేసింది. లారెన్ నుంచి పసికందుగా లాక్కుపోయిన కూతురు, ప్రేమ లేని ఇంట్లో పెరిగి, పెద్దయ్యాక తల్లి డైరీలు చదువుతూ ఆమె మీద తన అభియోగం రాస్తుంది. నాకంటే తన మతమే ఆమెకు ఎక్కువ అంటుంది. మొదటి నవలలో మనం గుండెలకు హత్తుకున్న పదిహేనేళ్ల అమ్మాయి ఇక్కడ ఒక కూతురికి కష్టమైన తల్లి. ఎవరి పక్షం వహించాలో బట్లర్ చెప్పదు. తల్లి రాసినదీ కూతురు రాసినదీ పక్కపక్కన అచ్చు వేసి మన చేతిలో పెడుతుంది.